బ్రిడ్జ్‌టౌన్‌లో పిల్లమ్మత్త

మా పిల్లమ్మత్తకు బెంగళూరు కాటన్‌పేటలో తాళ్ళ అంగడి ఉంది. బోర్డు మీద ఉండేది మా మామ మునినారాయణప్ప పేరే. కానీ అంగట్లో కూర్చునేది, కొబ్బరినార తాడును వేళ్ళ మధ్య మెలితిప్పి చూసి "ఇది నీళ్ళు తగిలిన సరుకు, వాపసు ఎత్తుకపో" అని లారీవాణ్ణి తిప్పి పంపేది అత్తే. మామ ఉండేది అంగడి వెనక గదిలో. అక్కడ టీవీ ఉంది, టీవీలో క్రికెట్ ఉంది. ఎవరాడినా ఆయన చూడాల్సిందే. జింబాబ్వే, కెన్యా ఆడుతున్నా సరే, "ఇప్పుడు లేస్తే వికెట్ పడుతుంది" అని కాలు కూడా కదిపేవాడు కాదు.

నేను అత్త తమ్ముడి కూతుర్ని, వనజను. ఊరి ఆ చివర బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, అక్కడే గది. ఇంట్లో కంప్యూటర్ తెలిసినదాన్ని నేనే కాబట్టి రైలు టికెట్ల నుంచి కరెంటు బిల్లు దాకా అందరి పనులూ నా నెత్తిన పడేవి. ఈ కథ కూడా అట్లాగే నా మీద పడింది. ఇందులో నేను కళ్ళారా చూసింది కొంచెమే. మిగతాది అత్త ఒక రకంగా, మామ ఒక రకంగా చెప్పగా విన్నది. ఇద్దరి మాటలూ కలిసినచోట నమ్మాను, కలవనిచోట అత్తనే నమ్మాను.

2006లో మామకు అరవై నిండుతున్నాయి. కొడుకు గణేశ్ షష్టిపూర్తికి కల్యాణ మంటపం మాట్లాడుతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంటపమూ వద్దు, మేళమూ వద్దు. వచ్చే ఏప్రిల్ పదహైదు, ఆదివారం. వెస్టిండీస్‌లో బార్బడోస్ అని ఒక దీవి ఉండాది. దాంట్లో బ్రిడ్జ్‌టౌన్. ఆడ ప్రపంచ కప్పులో ఇండియా, పాకిస్తాన్. అది ఒక్కటి చూపించండి నాకు, చాలు."

"రెండు జట్లూ మొదటి అంచె దాటితేనే కదా మామా ఆ ఆట?" అన్నాను.

"దాటకుండా ఏం చేస్తాయమ్మా?" అని నా వైపు జాలిగా చూశాడు.

స్నేహితుడు దామోదర్‌ను తోడు తీసుకుపోతాడని అందరం అనుకున్నాం. దామోదర్‌ది పక్క అంగడే, గోనెసంచుల వ్యాపారం. అప్పుడు అత్త తాళ్ళ చుట్ట మీద కూర్చొని పూలు కట్టుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది: "షష్టిపూర్తికి పీటలు ఎన్ని వేస్తారు? రెండు. రెండోది ఎవరిది? నాది. ఈడ వేసినా, ఆ దీవిలో వేసినా నేను కూర్చుంటా."

నేను వాళ్ళిద్దరికీ విమానం టికెట్లూ, ఆట టికెట్లూ కొన్నాను.

అత్త అప్పటిదాకా చూసిన ఊర్లంటే తిరుపతి, ధర్మస్థల, ఘాటి, మంత్రాలయం. ఊరు చూడ్డమంటే ఆమెకు దేవుణ్ణి చూడ్డమే. దర్శనం కాగానే తిరుగు బస్సు. బ్రిడ్జ్‌టౌన్‌లో దేవుడెవరని నన్ను అడిగింది. తెలీదన్నాను. కంప్యూటర్లో పటం తీసి ఆ దీవిని చూపిస్తే అద్దాలు పైకి తోసి ముందుకు వంగింది. "ఇదా? ఇది తెర మీద పడిన దుమ్మనుకుంటిని. ఇంతదాంట్లో విమానం దిగేది ఎట్ల? ఒక పక్కకు పడితే?"

హోటళ్ళన్నీ నిండిపోయాయి. ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళల్లోనే గదులు ఇస్తున్నారని తెలిసి, డొరీన్ అలీన్ అనే ఆమె ఇంట్లో ఒక గది మాట్లాడి పెట్టాను. బడిలో వంట చేసి రిటైరైన మనిషి. "ఎదురు చూస్తూ ఉంటాను" అని ఉత్తరం రాసింది. మామ నీలం చొక్కా కుట్టించుకున్నాడు. అత్త ఎర్ర సూట్‌కేసు కొనుక్కుంది.

మార్చి వచ్చింది. ఆ మార్చి ఏమైందో క్రికెట్ చూసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. మనవాళ్ళు బంగ్లాదేశ్ చేతిలో ఓడారు, శ్రీలంక చేతిలో ఓడారు. పాకిస్తాన్ అయితే ఐర్లాండ్ చేతిలో ఓడి అప్పటికే మూట కట్టుకుంది. మనకు మిగిలిన ఆశ ఒక్కటే: బెర్ముడా అనే బుడ్డ జట్టు బంగ్లాదేశ్‌ను ఓడించాలి.

ఆ ఆట ఉన్న ఆదివారం పొద్దున్నే మామ స్నానం చేసి, విభూతి పెట్టుకొని, కొబ్బరికాయ పట్టుకొని ఆంజనేయస్వామి గుడికి పోయాడు. పూజారి అర్చన తట్ట అందుకొని, "ఎవరి పేరు మీద?" అన్నాడు.

"బెర్ముడా."

"గోత్రం?"

మామ ఒక నిమిషం ఆలోచించి, "తెలీదు స్వామీ, దేవుడి గోత్రమే పెట్టుకోండి" అన్నాడట. పూజారి ఏ ఆటంకమూ లేకుండా బెర్ముడా నామధేయస్య అని అర్చన చేసి కాయ కొట్టాడు. కాయ రెండు సమాన చెక్కలుగా పగిలింది. బెర్ముడా మాత్రం ఓడిపోయింది.

మూడు రోజులు మామ టీవీ గదిలోకి పోలేదు. ముందు అంగట్లో అత్త పక్కన కూర్చొని, వచ్చినవాళ్ళకు తాళ్ళు తప్పుగా కొలిచి ఇచ్చాడు. నాలుగోరోజు నాకు ఫోన్ చేశాడు. "వనజా, ఆ టికెట్లు రద్దు చేసెయ్యమ్మా. ఆ రోజు ఆడేది ఎవరో తెలుసా? ఐర్లాండు, బంగ్లాదేశు! నా షష్టిపూర్తికి ఎవరి పెండ్లో చూసొచ్చినట్ల అవుతాది."

వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "ఆట పోయింది. ఊరు యాడికీ పోలేదు గదా?"

"ఆట లేని ఊర్లో ఏముంటాదే పిల్లా?"

"అది చూసేదానికే పోయేది."

ఎర్ర సూట్‌కేసు అప్పటికే సర్ది ఉంది. ఏప్రిల్ పన్నెండున, లండన్ మీదుగా, వాళ్ళిద్దరూ బ్రిడ్జ్‌టౌన్‌లో దిగారు. విమానం దీవి మీదనే దిగిందని అత్త నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

మరునాడు శుక్రవారం. మామ పొద్దున లేవలేదు. కొంత ప్రయాణపు బడలిక, కొంత అలక. దుప్పటి ముసుగు తీయకుండానే "నువ్వు పోయిరా పో" అన్నాడు. అత్త కంచిపట్టు చీర కట్టుకుని, కాళ్ళకు గణేశ్ కొనిచ్చిన స్పోర్ట్స్ బూట్లు వేసుకుని, చేతిసంచి తగిలించుకుని, డొరీన్‌తో కలిసి బయటపడింది. డొరీన్ కూడా పెద్ద పూల టోపీ పెట్టుకొని తయారైంది. ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థం కాలేదు. అందుకే ఇద్దరికీ ఆ వారమంతా ఒక్క మాట పట్టింపు రాలేదని మామ అంటాడు.

మామ పదకొండుకు లేచాడు. బల్ల మీద రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు మూతపెట్టి ఉన్నాయి. తిన్నాడు. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. నస్యం డబ్బీ లేదు! అప్పుడు గుర్తొచ్చింది. విమానాశ్రయంలో ఎవరైనా పొడి చూసి ఏమనుకుంటారోనని దాన్ని అత్త సంచిలో వేశాడు. ముప్పై ఏళ్ళుగా పొద్దున నస్యం పట్టకుండా ఆయన ఏ పనీ మొదలుపెట్టింది లేదు. అరగంట ఓర్చుకున్నాడు. ముక్కు ఊరుకోలేదు. ఇక లాభం లేదని చెప్పులేసుకుని బయల్దేరాడు.

డొరీన్ ఇంటి నుంచి సముద్రం పక్కగా నడిస్తే ఊరి నడిబొడ్డుకు వస్తుంది దారి. అక్కడ సముద్రం ఒక పాయగా ఊళ్ళోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. దాన్ని కేరినేజ్ అంటారు. వెనకటి రోజుల్లో ఓడలను ఒక పక్కకు ఒరిగించి అడుగు గీకి బాగుచేసేది అక్కడేనట. ఇప్పుడు చిన్న చిన్న పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. మామ ఒక పడవవాణ్ణి ఆపి, తన ఇంగ్లీషు చాలక, భుజం మీద పైట వేసుకున్నట్టు చేతితో గీసి చూపించాడు.

పడవవాడి మొహం వెలిగింది. "ఆ అమ్మేనా! ఇదిగో చూడండి!"

చూస్తే పడవ కట్టేసిన తాడు. ఒకచోట పురి విప్పి, మూడు పేటలూ ఒకదాంట్లో ఒకటి దూర్చి, జడలాగా అల్లి ఉంది. మామకు ఆ అల్లిక ఎవరిదో తెలియంది కాదు. నలిగిపోయిన తాడుతో పడవ కట్టావని ఆమె తనను తిట్టిందని, మాట అర్థం కాలేదు కానీ తిట్టని తెలిసిందని, తర్వాత కూర్చొని తానే బాగుచేసిందని పడవవాడు చెప్పాడు. "అటు, గడియారం వైపు పోయింది."

గడియారమంటే పార్లమెంటు మేడ మీది గడియారం. పగడపు రాతితో కట్టిన పాత మేడలు, కోసుగా తీర్చిన కిటికీలు. మామ తలెత్తి చూసుకుంటూ పోయాడు. గేటు దగ్గర కాపలా మనిషిని అడిగితే అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా గడియారం తొమ్మిదిన్నర గంటలు ఆలస్యంగా నడుస్తోందని చెప్పిపోయింది సార్. చేతి వాచీ కూడా చూపించింది."

అత్త వాచీ ఇంకా బెంగళూరు టైములోనే ఉంది.

ఆ పక్కనే కత్తీ టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఓడల సేనాపతి విగ్రహం. లండన్లో ఉన్న ఆయన విగ్రహం కన్నా ఇదే పాతదని దారినపోయే ముసలాయన మామను ఆపి మరీ చెప్పాడు. మామ అడగలేదు. అయినా విన్నాడు. అక్కడి నుంచి సందులు. రెండు పక్కలా బట్టల అంగళ్ళు, చెప్పుల అంగళ్ళు, గొడుగుల కింద మామిడిపండ్లు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళు, చెవులు పగిలే పాటలతో దూసుకుపోయే తెల్ల వ్యాన్లు. "మన చిక్కపేట బజారుకు సముద్రం తగిలిస్తే ఎట్లుంటాదో అట్లుండాది" అని మామ తర్వాత నాకు చెప్పాడు.

ఒక సందు మలుపులో లేత గులాబీ రంగు గుడి లాంటిది కనిపించింది. యూదుల ప్రార్థన మందిరం, మూడున్నర వందల ఏళ్ళ కిందట మొదలైంది. చూసుకునే పెద్దాయన గేటు దగ్గరే ఉన్నాడు. ఆయనను ఏమీ అడగక ముందే, "మీ ఆవిడ ఇప్పుడే వెళ్ళారు" అన్నాడు. "బూట్లు విప్పక్కర్లేదన్నా విప్పారు. లోపల విగ్రహం ఉండదని చెబితే, పరవాలేదని బయట మూడుసార్లు చుట్టూ తిరిగారు. మీరూ లోపలికి రండి, చల్లగా ఉంటుంది."

మామకు తొందరగా ఉంది. కానీ ఎండ మాడుస్తోంది. లోపలికి పోయి కూర్చున్నాడు. ఇత్తడి దీపాల గుత్తులు, నల్ల తెల్ల బండల నేల, ఎక్కడా చప్పుడు లేదు. ఎక్కడి నుంచో తరిమేస్తే ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాళ్ళు దీన్ని కట్టుకున్నారని, చెరకు పండించారని, బయట ఉన్నవి వాళ్ళ సమాధులేనని పెద్దాయన నిదానంగా చెప్పుకుపోతున్నాడు. సగమే అర్థమైంది. మామకు వాళ్ళ తాత గుర్తొచ్చాడట. పెనుకొండ వైపు నుంచి నెత్తిన తాళ్ళ మోపుతో నడిచొచ్చి కాటన్‌పేట అరుగు మీద పరచుకుని అమ్మిన మనిషి. ఆ తాతను తలుచుకొని ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలీదు. చాలాసేపు కూర్చున్నాడు. లేచినప్పుడు గమనించాడు, అంతసేపూ నస్యం గుర్తుకు రాలేదని. గుర్తుకు రాలేదని గుర్తొచ్చిన మరుక్షణం ముక్కు మళ్ళీ మొదలుపెట్టింది.

అక్కడి నుంచి పెద్దాయన చూపించిన దారిలో క్వీన్స్ పార్కు. అక్కడ పదిహేనుమంది చేతులు పట్టుకుంటే గానీ చుట్టలేని ఏనుగు తోలు లాంటి బెరడున్న మానుకు, అత్త దాన్ని కొలవడానికని కట్టిన తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. పార్కులో పిల్లలు "మార్కెట్! మార్కెట్!" అని దారి చూపించారు. వేటగాడు అడుగుజాడలు పట్టుకున్నట్టు పట్టుకుని, రెండు గంటల్లో ఆ ఊళ్ళో చూడాల్సినవన్నీ మామ చూసేశాడు. చూస్తున్నానని మాత్రం ఆయనకు తెలీదు.

మార్కెట్లో ఒక మూల జనం గుంపుగా ఉన్నారు. నవ్వులు. మామ సందు చేసుకుని ముందుకు పోయాడు.

పెద్ద గిన్నె. గిన్నెలో పచ్చగా ఉడుకుతున్న ముద్ద. చీర కొంగు నడుముకు దోపుకొని, చదునైన కట్టె రెండు చేతులా పట్టుకొని, దాన్ని గిర్రున తిప్పి కలుపుతున్నది మా పిల్లమ్మత్త. పక్కన డొరీన్ టోపీ తీసేసి విసురుకుంటోంది. అది డొరీన్ చెల్లెలి తిండి అంగడి. శుక్రవారం అక్కడ కూకూ అనే వంటకం చేస్తారు, మొక్కజొన్న పిండి, బెండకాయలు వేసి. డొరీన్ కలుపుతుంటే అత్త కాసేపు ఊరుకుని చూసిందట. తర్వాత ఓర్వలేక, "ఉండ కడతాది, ఇట్లియ్యి" అని కట్టె లాక్కుంది.

మామను చూసి చెయ్యి ఆపకుండానే అంది: "ఏమయ్యా, ఇప్పటికి లేచినావా? దా, తిను. సంగటే! బెండకాయ పులుసు పక్కన పోసే బదులు లోపలేసి కెలుకుతారు, అంతే తేడా. తెడ్డు గూడా మన తెడ్డే."

మామకు చాలా కోపం వచ్చి ఉండాలి. తెల్లారి నుంచి ఎక్కడికో చెప్పకుండా తిరగడం, నస్యం డబ్బీ, ఎండ. నోరు తెరిచాడు. అంతలో డొరీన్ ప్లేటు చేతిలో పెట్టేసింది. ముద్ద, పైన ఎగిరే చేపల పులుసు. చెంచా ఇచ్చారు. మామ చెంచా పక్కన పెట్టి, చేత్తో ముద్ద తుంచి, పులుసులో అద్దుకుని మింగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు.

"ఎట్లుండాది?" అంది అత్త.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు మామ. ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

తిన్న తర్వాత అత్త డబ్బీ తీసిచ్చింది. మామ చిటికెడు పట్టి తుమ్మిన తుమ్ముకు మార్కెట్టంతా చప్పట్లు కొట్టింది. ఇరవై రోజుల నుంచి ఆ మొహం మీద నవ్వు చూడలేదని అత్త అంది. తుమ్మే ముందు ఎవరి మొహమైనా నవ్వినట్టే ఉంటుందని మామ అన్నాడు.

ఆదివారం ఆటకు పోయారు. కొత్తగా కట్టిన మైదానం, నీలం చొక్కాలు వేసుకొచ్చిన మనవాళ్ళు చాలామంది. ముందే టికెట్లు కొనుక్కుని ఇరుక్కున్నవాళ్ళే అందరూ. ఎవరి మొహంలోనూ కళ లేదు. మామకు మాత్రం ఒక పని దొరికింది. "బంగ్లాదేశు మనల్ని కొట్టింది గదా, ఈ రోజు ఐర్లాండు దాన్ని కొట్టాలి. నేను ఐర్లాండు."

"నేను బంగ్లాదేశు," అంది అత్త.

"అదేమే?"

"వాళ్ళు గెలిస్తే మనం గట్టోళ్ళ చేతిలో ఓడినట్ల. వాళ్ళే ఓడితే, ఓడినోళ్ళ చేతిలో ఓడినట్ల. ఏది మర్యాద?"

 మామ మాత్రం జట్టు మార్చుకోలేదు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో అత్త మొదటిసారి ఒక ఆట మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా చూసింది. ఫోర్ అంటే ఏమిటి, ఆ అంపైరాయన చేతులెందుకు ఊపుతున్నాడు, బాగా ఆడుతున్నవాణ్ణి కూడా ఎందుకు పంపేశారు, అన్నీ అడిగింది. మామ అన్నీ చెప్పాడు. అంత ఓపిగ్గా తనకు కొత్తకోడలప్పుడు తాళ్ళ ధరలు కూడా చెప్పలేదని అత్త అంది. ఐర్లాండు డెబ్బై నాలుగు పరుగులతో గెలిచింది. మామ కుర్చీ ఎక్కి గంతులేశాడు. పక్కన పచ్చ చొక్కాల ఐర్లాండువాళ్ళు ఆయనను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"సంతోషమా?" అని అత్త కింద నుంచి అరిచింది. "ఇప్పుడు మనం ఓడినోళ్ళ చేతిలో ఓడినోళ్ళం!"

మామ అక్కడి నుంచే చెయ్యి ఊపాడు.

ఇంటికి తిరిగొచ్చాక పదిరోజులు అంగట్లో ఒకటే జనం. దామోదర్ రోజూ వచ్చేవాడు. మామ పిచ్ గురించి మొదలుపెట్టేవాడు, రెండు మాటల్లోనే అత్త అందుకుని గడియారం, పడవ, గులాబీ గుడి దగ్గరికి తీసుకుపోయేది. ఒకరోజు దామోదర్ మామూలుగా అన్నాడు: "ఇంత దూరం పోయి ఊరంతా చూసొస్తివి అక్కా. మన టిప్పు ప్యాలెస్‌కూ దానికీ ఏది గొప్ప?"

 ఇంటి నుంచి పావుగంట నడిస్తే టిప్పు సుల్తాన్ వేసవి విడిది. అత్త కాటన్‌పేటకు కోడలిగా వచ్చి ముప్పై ఆరేళ్ళు. మార్కెట్‌కు పోతూ రోజూ దాని గోడ పక్కనే నడిచింది. లోపలికి ఒక్కసారి కూడా పోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను బ్రూక్‌ఫీల్డ్ నుంచి రెండు బస్సులు మారి రమ్మంది. మామ కూడా వచ్చాడు. ఆ రోజు టీవీలో ఏదో ఆట ఉంది, ఏదో నేను అడగలేదు. లోపల నున్నటి టేకు స్తంభాలు, చెక్కిన కమానులు, గోడల మీద వెలిసిన రంగుల పూలు. అత్త ఒక స్తంభాన్ని రెండు చేతులా తడిమింది. వెంటనే విజిల్.

"ముట్టుకోకూడదమ్మా," అని కన్నడంలో అన్నాడు కాపలా ఆయన.

"ముట్టుకోకుండా చూస్తే చూసినట్ల ఎట్లవుతాదప్పా?" అంది అత్త తెలుగులో. ఆయన నవ్వేశాడు. ఆయనదీ తెలుగు మాట్లాడే ఇల్లే, ముళబాగిలు పక్కన ఊరు, పేరు పెద్దన్న. ఐదు నిమిషాల్లో ఆయన ఊరు, పిల్లలు, మోకాళ్ళ నొప్పి అన్నీ అత్తకు తెలిసిపోయాయి. మూసే వేళయినా పై అంతస్తుకు పోయి రమ్మన్నాడు.

చెక్క మెట్లెక్కి ముగ్గురం వసారాలోకి వెళ్ళాం. అక్కడి నుంచి మా అంగడి కనిపిస్తుందేమోనని అత్త మునివేళ్ళ మీద లేచి చూసింది. ఆసుపత్రి గోడ, కొబ్బరిచెట్లు, మార్కెట్ వైపు మలుపు తిరిగే బస్సులు. అంగడి కనపడలేదు.

"పోనీలే," అంది కొంగు సర్దుకుంటూ. "వచ్చే వారం దీనికన్నా ఎత్తుగా ఉండేది ఏదన్నా చూద్దాం. వనజా, ఏముండాది చెప్పు."

మామ అప్పటికే వసారా అంచున వంగి, కింద ఉన్న పెద్దన్నను అదే అడుగుతున్నాడు.